నట్టుతోపాటు తిరుగు బోల్టు



ఇల్లు గల ప్రతివారికిని ఎప్పుడో ఒకప్పుడు ఎదురగు చిక్కు ఒకటి కలదు. వీధితలుపు గడియ వదులైనది. లోపలివైపున నట్టును పానాతో పట్టి త్రిప్పుచున్నాము. నట్టు తిరుగుచున్నది గాని బిగియుట లేదు. అనుమానించి వెలుపలికి పోయి చూచినచో బోల్టు తల కూడ దానితోపాటు తిరుగుచున్నది. లోపల పది చుట్లు త్రిప్పినాము. వెలుపల పది చుట్లు తిరిగినది. నట్టు మాత్రము ఉన్నచోటనే ఉన్నది. చేయి నొచ్చుటయే ఫలము.

ఇంత చిన్న విషయమునకు ఒక ప్రసంగమా యని కొందరనుకొనవచ్చును. తలుపు గడియతో సరిపోవు మాటయైనచో మేమును అట్లే అనుకొందుము. కాని ఇటువంటి బోల్టే ఉయ్యాలబల్ల గొలుసును పట్టి యుండును. మేడమీది పిట్టగోడపై ఇనుపకమ్ముల నిలుపునదియు ఇటువంటిదే. నిచ్చెనమెట్టును, పందిరిమంచపు కోళ్లను, ఇంటికప్పునుండి వ్రేలాడు పంకాను నమ్ముకొన్నవారు నిజమునకు ఒక నట్టును, ఒక బోల్టును నమ్ముకొన్నవారే. అందుచేత ఆ నట్టు బిగిసినదా, బిగిసినట్లు కనబడుచున్నదా అను ప్రశ్న అంత చిన్నది కాదు.

మేమెరిగిన ఒక ఇంటిలో నడుమగదియందు పెద్ద టేకు ఉయ్యాలబల్ల యున్నది. నాలుగు మూలల నాలుగు బోల్టులు. వాని తలలు ఉంగరములవలె వంపబడినవి. గొలుసు కొక్కెములు ఆ ఉంగరములలో తగులుకొని యుండును. బోల్టు కాడలు బల్లగుండ దిగి, అడుగున ఒక్కొక్క వాషరుతోను, నట్టుతోను ముగియును. ఒక మూల కిర్రుమనుచున్నదని ఆ ఇంటి మనుమడు బల్లక్రింద పండుకొని పానా పట్టినాడు. నట్టు త్రిప్పినకొలదిని పైని ఉంగరమును తిరిగి గొలుసు మెలిపడినది. మెలి గట్టిపడి ఉంగరము ఆగగానే పానాయు ఆగినది.

“బిగిసిందిరా అబ్బాయీ?” అని మామ్మగారు అడిగినారు.

“బిగిసింది మామ్మా, ఇంక అంగుళం కూడా కదలదు.”

“మరి ఆ బిళ్ల ఇంకా గలగలమంటోందేమిరా?”

ఆమె అన్నది నిజము. నట్టు త్రుప్పుపట్టిన మరలో చిక్కుకొని ఆగినదే గాని బల్లను తాకనే లేదు. నట్టునకును బల్లకును నడుమ వాషరు చిటికెనవ్రేలితో త్రిప్పినను తిరుగుచున్నది. పానా త్రిప్పుట కష్టమైనది కనుక నట్టు బిగిసినదని ఆ పిల్లవాడు తలచినాడు. ఈ తలపు చదువుకొన్నవారిలోను, పనివారిలోను కూడ ఉన్నది. త్రిప్పుట కష్టమగుట వేరు, బిగింపు వేరు. ఈ రెంటికిని గల భేదము తెలిసినచో తిరుగు బోల్టును ఎట్లు ఆపవలెనో దానంతట అదే తెలియును.

బోల్టుపై నుండు మర యనునది ఒక ఏటవాలు బాట. కొండపైకి బాట చుట్టలు చుట్టుకొని పోయినట్లు ఆ బాటను ఇనుపకాడ చుట్టును చుట్టినారు. 10 మిల్లీమీటర్ల మందము గల సాధారణపు బోల్టునే తీసికొందము. నట్టు ఒక చుట్టు తిరిగినచో ఆ బాటమీద రమారమి 28 మిల్లీమీటర్లు నడచును. అంత నడచి ముందునకు జరుగునది 1.5 మిల్లీమీటరు మాత్రమే. అది అంత పల్లపు బాట కనుకనే చేతిబలముతో పెద్ద ఒత్తిడిని పుట్టింపగలుగుచున్నాము. నట్టు ఒకవైపునుండి వచ్చి వాషరును నొక్కును. రెండవవైపున బోల్టు తల బల్లను అంటిపెట్టుకొని యుండును. నట్టు ఇంకను ముందునకు జరుగబోయినచో నడుమనున్న కాడ సాగవలసినదే. ఇనుము సాగునా యని అడుగవచ్చును. సాగును, కంటికి కనబడనంత కొద్దిగా, గట్టి స్ప్రింగువలె సాగును. సాగిన కాడ తిరిగి కురచగుటకై రెండువైపుల వస్తువులను దగ్గరకు లాగి పట్టుకొనును. బిగింపు అనగా ఆ లాగుడే.

పానాపై మనము పెట్టు బలమంతయు ఈ లాగుడునకు పోవుట లేదు. యంత్రశాస్త్రజ్ఞులు చెప్పు మోటులెక్క ప్రకారము నూరు పాళ్ల శ్రమలో 50 పాళ్లు నట్టు అడుగున జరుగు ఒరపిడికి పోవును. మరొక 40 పాళ్లు మరలోని ఒరపిడి తినివేయును. కాడను సాగదీయుటకు మిగులునది 10 పాళ్లు. ఇది శుభ్రముగా నున్న నట్టుమాట. త్రుప్పుపట్టినదైనచో మర యొక్కటియే అంతయు మ్రింగివేసి, సాగదీయుటకు ఏమియు మిగుల్పకపోవచ్చును. మామ్మగారి బల్లక్రింద జరిగినది అదియే.

ఇక బోల్టు ఎందుకు తిరుగునో చూతము. నట్టును త్రిప్పునప్పుడు మరలోని ఒరపిడి బోల్టును తనవెంట లాగుకొనిపోజూచును. తలక్రింది ఒరపిడి దానిని ఆపజూచును. ఏది హెచ్చైనచో అది గెలుచును. మంచి బోల్టులో మొదట నట్టు వ్రేళ్లతోనే పరుగెత్తును; మరలో ఒరపిడి లేదు, తలకు శ్రమ లేదు. నట్టు వాషరును తాకిన తరువాత మరలోని ఒరపిడి పెరుగును గాని, అదే ఒత్తిడి తలక్రిందను పెరుగును గనుక తల నిలుచును. చెడిన బోల్టులో నట్టు వాషరును తాకకమునుపే మరలో ఒరపిడి పుట్టినది. తలక్రింద ఇంకను ఒత్తిడియే లేదు. ఆపువాడు రాకముందే లాగువాడు వచ్చినాడన్నమాట. అందుచేత బోల్టు తిరుగును.

దీనికి చాలమంది చేయునది పొడుగైన పానా తెచ్చుట. పానా పొడుగైనంతమాత్రమున తలక్రింద పట్టు పుట్టదు. మరి రెండే దారులున్నవి. మరలోని ఒరపిడిని తగ్గింపవలెను. లేదా తలను పట్టుకొనవలెను.

మొదటి దారి చౌక. నట్టు వెలుపల కనబడు మరను తీగకుంచెతో రుద్ది, త్రుప్పును, పాతరంగును ఊడ్చివేయవలెను. అంతకు మించి పని కానక్కరలేని సందర్భములు మేము చాల చూచినాము. రంగువేయువారు నట్టు మీదను మర మీదను కలిపి రంగు పూసిపోవుదురు. ఎండిన రంగు మరలో జిగురువలె పనిచేయును. తరువాత కొంచెము కిరసనాయిలులో కొంచెము యంత్రపునూనె కలిపిగాని, ఇందుకై అమ్ము పలుచని నూనెగాని మరపై వేసి ఆ రాత్రికి వదలివేయవలెను. పొయ్యి, దీపము దగ్గర ఈ పని కూడదు. మరునాడు నట్టును పావుచుట్టు ముందునకు, అందులో సగము వెనుకకు త్రిప్పుచు పోయినచో త్రుప్పు పొడియై రాలును. త్రుప్పు తాను తిన్న ఇనుముకన్న హెచ్చు చోటు ఆక్రమించును. మరకును నట్టునకును నడుమ చోటెంత? ఆ కొద్దిచోటు నిండినచో నట్టు పట్టివేయును. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి ఉప్పుగాలి ఊళ్లలో ఈ బాధ హెచ్చు. అక్కడ బోల్టు బిగించినపుడే మరకు కాస్త గ్రీజు పూసియుంచుట మేలు.

ఒక హెచ్చరిక. నూనె మరకు మాత్రమే. తలక్రింద నూనె పడనీయరాదు. మరలో మనకు శత్రువైన ఒరపిడి తలక్రింద మిత్రము. రెండుచోట్లను నూనె పోసి, బోల్టు ఇంకను జోరుగా తిరుగుచున్నదని విసుగుకొనువారు కలరు.

రెండవ దారి, తలను పట్టుకొనుట. ఆరుపలకల తలయైనచో చెప్పవలసినదే లేదు. తలకు ఒక పానా, నట్టునకు ఒక పానా. తలవైపు పానాను కదలనీయక నట్టును మాత్రమే త్రిప్పవలెను. తలుపునకు ఆవల ఒకరు, ఈవల ఒకరు ఉండవలసినచో ఎవరు పట్టువారు, ఎవరు త్రిప్పువారు అను సంగతి ముందుగా అనుకొనుట మంచిది. ఇద్దరును ఉత్సాహముతో త్రిప్పి, ఒకరి పని నొకరు చెరుపుట అరుదు కాదు. ఉయ్యాల బోల్టువంటి ఉంగరపు తలయైనచో, గొలుసు తప్పించి, ఉంగరములో ఒక ఇనుపచువ్వ దూర్చి పట్టినచో చాలును. పై ఇంటిలో చివరకు జరిగినదియు ఇదే. చువ్వ పట్టినవాడు పిల్లవాని తండ్రి. మర శుభ్రము చేసి నూనె వేసిన తరువాత నట్టు మరి నాలుగు చుట్లు ఎక్కి బల్లను తాకినది. నాలుగు చుట్లు! అంతవరకు ఆ మూల బరువంతయు వదులు నట్టుమీదనే ఊగుచుండెను.

కష్టమంతయు గుండ్రని నున్నని తలతోనే. వీధితలుపుల గడియలకు, చెక్కగేట్లకు వేయునది ఈ తలయే. తలక్రింద కాడ నలుపలకలుగా నుండును. చెక్కలో గుండ్రని రంధ్రమే తొలుతురు. నట్టు బిగించినకొలదిని నలుపలకల మెడ చెక్కలోనికి దిగి, మూలలతో చెక్కను కరచుకొని తిరుగక నిలుచును. ఉపాయము చక్కనిదే, కాని దాని బలమంతయు చెక్క బలమే. టేకులోను, మద్దిలోను చాలకాలము నిలుచును. మామిడిచెక్కలో మూలలు త్వరగా దారి చేసికొనును. వాననీరు దిగి చెక్క మెత్తబడినను, రంధ్రము మొదటనే వెడల్పుగా తొలిచినను నలుపలకల మెడ గుండ్రని గోతిలో పడిన రోకలివలె తిరుగుచుండును.

ఇటువంటి బోల్టును బిగించునపుడు వెలుపలనుండి ఒకరు తలపై చెక్కదిమ్మె ఆనించి గట్టిగా అదిమి పట్టవలెను. ముందుగా దిమ్మెమీద సుత్తితో రెండు దెబ్బలు వేసినచో మెడ లోనికి దిగును. లోపలివారు నట్టు త్రిప్పవలెను. అదుముటవలన కలుగు ఒత్తిడి తలక్రింద ఒరపిడిని పుట్టించును. నట్టు వాషరును తాకి ఒకమారు లాగుడు మొదలైనచో తరువాత అదుముట తక్కువైనను చెల్లును. మొదటి చుట్లలోనే ఈ సహాయము కావలెను.

అట్లు కానిచో మేము మెచ్చుకొను పద్ధతి వేరొకటి కలదు. నట్టు దాటి బోల్టు కొన కొంత వెలుపలికి వచ్చియుండును గదా! ఆ కొసకు అడ్డముగా హాక్సా బ్లేడుతో సన్నని గాడి కోయవలెను. అంచున లేచిన ముండ్లను ఆకురాయితో తీసివేయవలెను. రింగు పానాను నట్టునకు తొడిగి, దాని నడుమనుండి స్క్రూడ్రైవరును గాడిలో ఉంచి, స్క్రూడ్రైవరును కదలనీయక పానాను త్రిప్పవలెను. ఒక్క మనిషికే సాధ్యమగు పని. బోల్టు కొసను పట్టకారుతో పట్టుకొని త్రిప్పువారు కలరు. పట్టకారు పండ్లు మరను చిదుకగొట్టును. ఆ తరువాత నట్టు రాదు, పోదు.

ఈ గాడి తలమీదనే కోయరాదా యని అడుగుదురేమో. లోపలి వస్తువులకు కోయవచ్చును. లేక తలకు రెండువైపుల ఆకురాయితో చదును చేసి పానాకు పట్టు కల్పింపవచ్చును. వీధితలుపునకు మాత్రము ఆ పని చేయరాదు. వెలుపలివారికి పట్టు చిక్కకూడదనియే అక్కడ గుండ్రని తల పెట్టినారు. మనము చేసిన గాడి దొంగకును పనికివచ్చును.

చెక్కయే చెడినచో ఈ ఉపాయములు పూట గడుపుటకే. బోల్టును వెలుపలికి తీసి, మెడచుట్టు నుండు ఖాళీలో గట్టిచెక్క పలుచని పేళ్లను వజ్రము పూసి దిగగొట్టి, బాగుగా ఆరిన తరువాత బోల్టును మరల ఎక్కింపవలెను. ఇంతకన్న గట్టి పని, నలుపలకల రంధ్రము గల ఇనుపపట్టీ నొకదానిని కమ్మరిచేత చేయించి తలక్రింద ఉంచి, మేకులతో బిగించుట. పట్టీ రంధ్రము మెడను పట్టుకొనును. చెక్కతో నిమిత్తము లేదు. గేటు బందులకు ఇది తప్పక చేయదగినది.

ఇక కొత్త నట్టు తెచ్చినను బోల్టు తిరుగుట మానలేదని చెప్పువారి సంగతి. వీరిలో చాలమంది కొలత తప్పినవారు. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్తు 1841లో మరలకు ఒక నియతమైన కొలత ప్రతిపాదించినాడు. అందు మరకోణము 55 డిగ్రీలు. అమెరికాలో విలియం సెల్లర్సు 1864లో 60 డిగ్రీల మరను ప్రతిపాదించినాడు. అంతకుముందు ఒక కార్ఖానా నట్టు మరొక కార్ఖానా బోల్టునకు పట్టుట యదృచ్ఛయే. మన దేశమునకు ఇంగ్లీషువారితోపాటు విట్‌వర్తు మర వచ్చినది. 1956లో తూనికలు, కొలతల శాసనము చేసికొని మెట్రిక్ పద్ధతికి మారినాము. పాత ఇండ్ల తలుపులలో మాత్రము అంగుళపు బోల్టులు నేటికిని ఉన్నవి. 5/16 అంగుళపు బోల్టు మందము 7.94 మిల్లీమీటర్లు, 8 మిల్లీమీటర్ల బోల్టునకును దానికిని కంటికి భేదము కానరాదు. కాని మొదటిదాని మర చుట్టునకు 1.41 మిల్లీమీటరు, రెండవదానిది 1.25. ఒకదాని నట్టు రెండవదానిపై ఒకటి రెండు చుట్లు చక్కగా ఎక్కును. తరువాత మర మరను ఒరసి పట్టివేయును. అప్పుడు బలవంతపెట్టినచో బోల్టు తిరుగును, లేదా రెండు మరలును పాడగును. దుకాణమునకు పోవునపుడు పాత బోల్టునే జేబులో వేసికొని పోయి, అక్కడనే నట్టును చివరివరకు వ్రేళ్లతో ఎక్కించి చూచుట ఉత్తమము.

నేడు నైలాను ఉంగరము లోపల అమర్చిన నట్టులు విరివిగా వచ్చినవి. అదరిపోవు వస్తువులకు అవి మంచివి, ఊడిరావు. కాని ఆ నైలాను మరను మొదటినుండియు గట్టిగా పట్టుకొనును. అనగా మనము చెప్పుకొన్న లాగువాడు ఇక్కడ పుట్టుకతోనే ఉన్నాడు. కనుక తలకు పట్టు లేనిచోట ఈ నట్టు వాడరాదు. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులకు మరొక జబ్బు. త్రుప్పు పట్టవని కొందుము. కాని స్టీలు నట్టు స్టీలు బోల్టుపై వేగముగా తిరిగినచో మరలు వేడెక్కి ఒకదానినొకటి కరచుకొని అతుకుకొనిపోవును. బ్యాటరీతో తిరుగు పనిముట్లు వచ్చిన తరువాత ఇది హెచ్చైనది. మరకు గ్రీజు పూసి, చేతితో మెల్లగా త్రిప్పినచో చాలవరకు ఈ బాధ తప్పును. అతుకుకొన్నదానిని కోసివేయుటయే గాని విప్పుట వట్టిమాట.

కోసివేయుట యన్నాము గనుక దానినిగూర్చి ఒక మాట. విప్పబోయినపుడు బోల్టు తిరుగుచుండినచో నట్టునకును వాషరునకును నడుమ ఉలివంటి పలుచని ఇనుపముక్కను దిగగొట్టవలెను. నట్టు వెలుపలికి నెట్టబడి, ఆవల తల చెక్కను అదుముకొనును. ఆ పట్టుతో నట్టు తరచుగా వచ్చివేయును. రానిచో బోల్టు పొడుగు వెంబడి హాక్సాతో నట్టు ఒక పలకను కోసి, సేనముతో చీల్చవలెను. కంటికి అద్దములు లేక ఈ పని చేయరాదు. నట్టును కాల్చి వదులు చేయుట కార్ఖానాలో మంచి పద్ధతియే గాని చెక్క దగ్గర పనికిరాదు. జింకు పూత గల నట్టును కాల్చినచో వచ్చు పొగ ఒంటికి చెడుపు. అంత శ్రమపడి తీసిన పాత బోల్టును మరల వాడవలెనని మాత్రము తలపరాదు. దాని వెల ఏపాటిది?

పంకా విషయము వేరుగా చెప్పవలెను. పంకా కాడను పైని కొక్కెమునకు తగిలించు బోల్టు తిరుగుచున్నదని కనిపెట్టినచో కరెంటు ఆపి, పంకాను దింపి, కొత్త బోల్టు వేయవలెను. నట్టు ఊడిరాకుండ దాని వెనుక బోల్టు కొస రంధ్రములో చీలిక పిన్ను ఉండవలెను. దాని రెండు కొమ్ములును విడదీసి వంచియుండవలెను. పిన్ను పోయినదని దానిస్థానములో తీగముక్క చుట్టి ఊరకుండుట మేము ఒప్పము.

చెక్కకు వేసిన నట్టులను ఒకమారు బిగించి మరచుటకు వీలులేదు. వానకాలములో చెక్క ఉబ్బును, వేసవిలో ముడుచుకొనును. ముడుచుకొన్నపుడు సాగిన కాడ లాగుడు పోవును. కొత్తగా బిగించిన వారము దినములకు ఒకమారు, వేసవి నడుమ ఒకమారు వాషరును వ్రేలితో త్రిప్పి చూడవలెను. తిరిగినచో లాగుడు పోయినదన్నమాట. బిగించిన తరువాత నట్టు పలకనుండి వాషరు మీదుగా చెక్కవరకు రంగుతో ఒక సన్నని గీత గీసినచో ఇంకను సులువు. గీత మూడుచోట్లను కలిసియున్నచో నట్టు కదలలేదు; నట్టుపై గీత ఒక ప్రక్కకు తొలగినచో పానా తెచ్చుకొనవలెను. బల్లక్రింద మసకగా నుండును గనుక గీతకు తెల్లరంగు వాడుట మంచిది.